జాన్ మ్యూర్ మహాశయుని చరిత్రము

మహనీయులు గతించిన పిమ్మట వారి జ్ఞాపకార్థము కొందరు శిలావిగ్రహములు నిలుపుదురు. కొందరు సత్రములను, పాఠశాలలను కట్టింతురు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కాలిఫోర్నియాయందు ఒక మహాశయుని జ్ఞాపకార్థము మంచుకొండల నడుమ కాలిబాట వేసిరి. దాని పొడవు సుమారు 211 మైళ్లు. బండిగాని, మోటారుగాని దానిమీద పోరాదు. నడచువారికిని, మూటలు మోయు గుఱ్ఱములకును, కంచరగాడిదలకును మాత్రమే అది తెఱచియున్నది. ఆ బాటకు పేరుగా నిలిచిన జాన్ మ్యూర్ గారి జీవితమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము.

ఈయన 1838వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన స్కాట్లండు దేశమందలి డన్‌బార్ అను సముద్రతీరపు పట్టణమున జన్మించెను. తండ్రి డేనియల్ మ్యూర్ దైవభక్తి గలవాడేగాని మిక్కిలి కఠినుడు. పదునొకండేండ్లు నిండునప్పటికే బాలుడు క్రొత్త నిబంధనమంతయు, పాత నిబంధనములో పెక్కుభాగమును కంఠస్థము చేసెను. అందులకు భక్తి యెంత కారణమో బెత్తమును అంతే కారణము. 1849లో ఆ కుటుంబము ఓడనెక్కి అమెరికాకు పోయి, విస్కాన్సిన్ రాష్ట్రమున అడవి నరికి పొలము చేసికొనెను. ఒకప్పుడు తండ్రి ఇతనిచే ఇసుకరాతిలో ఉలితోను సుత్తితోను నూయి త్రవ్వించెను. ఎనుబది అడుగుల లోతున విషవాయువు కమ్మగా ఇతడు స్పృహ తప్పబోయెను. పైకి లాగి ప్రాణము కాపాడిరి. కొలది దినములకే మరల దిగి, తొంబదవ అడుగున నీరు పడువఱకు చెక్కెను.

పగలు తీరిక లేనందున ఇతడు రాత్రి ఒంటిగంటకే లేచి, నేలమాళిగలో కొయ్యతో గడియారములు చేయుచుండెను. నియమించిన గంటకు మంచమును వంచి, నిద్రించువానిని నిలువబెట్టు యంత్రము వానిలో ఒకటి. 1860లో మాడిసన్ నగరపు ప్రదర్శనమున వానిని జూచి జనులు ఆశ్చర్యపడిరి. పిమ్మట అచ్చటి విశ్వవిద్యాలయమున చేరెను. ఒక పెద్ద చెట్టు పువ్వును చూపి, అది బఠాణీతీగెకు బంధువని తోటి విద్యార్థి యొకడు వివరించినది మొదలు ఇతనికి వృక్షశాస్త్రముపై తీరని ఆసక్తి కలిగెను. అయినను పట్టము పొందకయే విద్యాలయమును విడిచెను.

1867 మార్చి నెలలో ఇండియానాపొలిస్ నగరమందలి కర్మాగారమున పనిచేయుచు, యంత్రపు తోలుపట్టెను సవరించుచుండగా, ఆకురాయి జారి కుడికంట గ్రుచ్చుకొనెను. కొలది సేపటికి ఎడమకన్ను సయితము మసకబారెను. ఇరువది తొమ్మిదవ ఏట ఆ యువకుడు చీకటిగదిలో వారముల తరబడి పడియుండి, ఇక ఒక పువ్వునైనను చూడజాలనని కుమిలెను. దైవకృపవలన చూపు మరల వచ్చెను. తిరిగి దొరకిన కన్నులను యంత్రములకుగాక, దేవుని సృష్టిని చూచుటకే వినియోగింపవలెనని ఆయన నిశ్చయించుకొనెను. ఆయన జీవితమునకు ఇదియే మలుపు.

ఆ సెప్టెంబరులో కెంటకీ రాష్ట్రమునుండి బయలుదేరి, ఫ్లారిడా సముద్రతీరమువఱకు సుమారు వేయి మైళ్లు కాలినడకను పోయెను. సంచిలో క్రొత్త నిబంధనమును, రెండు కావ్యగ్రంథములును, బట్టల జతయు, మొక్కలను అదిమి దాచు సాధనమును ఉండెను. త్రోవ చివర చలిజ్వరము మంచము పట్టించెను. 1868లో కాలిఫోర్నియా చేరి, సియెర్రా నెవాడా పర్వతములలోని యోసెమిటీ లోయకు నడచిపోయెను. మరుసటి వేసవిని గొఱ్ఱెలమందవెంట ఆ కొండలలో గడపెను. మంద పోయిన చోటనెల్ల పూలమైదానములు బోడిదేరుట కన్నులార చూచెను. లోయ నేల క్రుంగుటవలన ఏర్పడెనని అప్పటి పండితులు చెప్పుచుండగా, కదలు హిమానీనదములే దానిని చెక్కినవని ఈయన వాదించెను. హిమానీనదముల పాత్ర విషయమున ఈయన చెప్పినదే చాలవఱకు సత్యమని పిమ్మట తేలినది.

1879లో అలాస్కాకు పోయినప్పుడు, అచ్చట సేవచేయుచున్న హాల్ యంగ్ అను మిషనరీ ఈయనతో ఒక శిఖరమెక్కెను. మునుపే తన భుజములు దెబ్బతినియున్న సంగతిని యంగ్ గారు చెప్పలేదు. శిఖరము చేరువలో కాలుజారి అగాధపు అంచువఱకు జారిపోగా, ఆయన రెండు చేతులును కీళ్లు తప్పెను. మ్యూర్ చుట్టుదారిని వచ్చి, ఒక చేత బండను పట్టుకొని, స్నేహితుని మెడపట్టీని పండ్లతో కఱచిపట్టి పైకి చేర్చెను. రాత్రియంతయు మంచుమీదను, రాళ్లమీదను ఆయనను దింపుకొనుచు, తెల్లవారునప్పటికి పడవకు చేర్చెను. స్నేహమనిన నిట్టిది!

1880లో లూయీ స్ట్రెంట్‌జెల్ అను ఆమెను వివాహమాడి, ఇద్దరు కుమార్తెలను కని, కొన్నియేండ్లు పండ్లతోటలు సేద్యము చేసెను. కాని గొడ్డండ్లును, మందలును అడవిని హరించుచుండగా ఊరకుండలేక పత్రికలలో వ్యాసములు వ్రాసెను. 1890లో యోసెమిటీ జాతీయవనమయ్యెను. 1892లో సియెర్రా క్లబ్బు స్థాపితము కాగా, మరణపర్యంతము ఈయనయే అధ్యక్షుడు. 1901 మొదలుకొని ఆ సంఘము ఏటేట స్త్రీపురుషులను గుంపులుగా కొండలకు నడిపింపజొచ్చెను. అడవిని కాలితో తొక్కి, కన్నులతో చూచినవాడే దానికై నోరు విప్పునని వారి నమ్మిక. 1903లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈయనతో మూడు రాత్రులు ఆ అడవులలో ఆరుబయట పరుండెను. ఒక రాత్రి కురిసిన మంచుకు వారి దుప్పట్లు తెల్లబడెను.

అన్నియును జయములు కావు. భూకంపమున నష్టపడిన శాన్‌ఫ్రాన్సిస్కో నగరము, నీటికై హెచ్‌హెచీ అను మఱియొక లోయలో ఆనకట్ట కట్టగోరెను. మ్యూర్ ఏండ్లతరబడి ఎదిరించియు ఓడిపోయెను. 1913 డిసెంబరులో చట్టమయ్యెను. మరుసటి సంవత్సరము డిసెంబరు 24వ తేదీన ఆయన కన్నుమూసెను.

ఆయన యందలి లోపమును దాచుట మాకు ఇష్టము లేదు. ఆ కొండల ఆదివాసులను గూర్చి యౌవనమున ఈయన వ్రాసిన మాటలు కొన్ని కఠినములు. 1851లో సైనికులు యోసెమిటీనుండి వెడలగొట్టినది ఆ జనులనే. కనుమలలో మొదటి త్రోవలు వారి పాదములే వేసినవి. 2020లో సియెర్రా క్లబ్బువారే ఈ తప్పును బహిరంగముగా ఒప్పుకొనిరి.

ఇక బాట సంగతి. సియెర్రా శిఖరముల వెంబడి త్రోవయొకటి ఉండవలెనను తలంపు 1884లో పశువులు కాయుచున్న థియొడోర్ సాలమన్స్ అను పదునాలుగేండ్ల బాలునికి పుట్టెను. పెద్దవాడైన పిమ్మట అతడు త్రోవను వెదకెను. 1915లో రాష్ట్ర శాసనసభ పదివేల డాలర్లు మంజూరు చేసెను. వేసవిలో మాత్రమే పని సాగుచుండెను. బండలను ప్రేల్చి, మెట్లు పేర్చి, పదుమూడువేల అడుగులకు మించిన కనుమను సయితము దాటించి, 1938లో, అనగా మ్యూర్ పుట్టిన నూఱవ ఏట, ముగించిరి. యోసెమిటీ లోయ మొదలు 14,505 అడుగుల ఎత్తుగల విట్నీ శిఖరమువఱకు అది పోవుచున్నది. ఇప్పుడు నడువగోరువారు మిక్కుటమగుటచే అనుమతిపత్రము లేనిదే పోనీయరు. అడవిని ప్రేమించువారి పాదములు సయితము అధికమైనచో దానిని నలుపును గదా!

ప్రియ విద్యార్థులారా! మ్యూర్ నడచినప్పుడు ఆయనకు సిద్ధమైన బాట లేకుండెను. ఆయన వెనుక వచ్చినవారికి బాట ఏర్పడెను. చీకటిగదిలో కొన్ని వారములుండి వచ్చినవాడు చూపు విలువను ఎఱిగి, శేషించిన నలుబది యేడేండ్లును దానిని వ్యర్థపఱుపలేదు. మనకు ఆ చీకటిగది లేకయే కన్నులు ఇయ్యబడినవి. వానిని తెఱచి నడువుడు. నడచిన చోటును మీ వెనుక వచ్చువారికొఱకు చెడకుండ విడువుడని మా మనవి.