లూయీ బ్రెయిలీ

లూయీ బ్రెయిలీ (జనవరి 4, 1809 - జనవరి 6, 1852) ఫ్రాన్సు దేశానికి చెందిన ఉపాధ్యాయుడు. అంధులు వ్రేళ్ళతో తాకి చదువుకొనే బ్రెయిలీ లిపిని రూపొందించాడు. ఇతడు స్వయంగా అంధుడు.

బాల్యము

పారిస్ నగరానికి తూర్పున ఉన్న కూవ్రే గ్రామంలో జన్మించాడు. తండ్రి గుర్రపు జీనులు తయారుచేసేవాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిముట్లతో ఆడుకొంటుండగా తోలుకు రంధ్రాలు చేసే ఆరె కంటికి గుచ్చుకొన్నది. ఆ పుండు రెండవ కంటికి కూడా సోకి, అయిదేళ్ళు నిండేసరికి చూపు పూర్తిగా పోయింది. అయినా తల్లిదండ్రులు అతనిని ఊరి బడికి పంపారు. చూపున్న పిల్లల మధ్య కూర్చొని, విన్నది జ్ఞాపకముంచుకొని చదువులో రాణించాడు. కాని తానుగా చదువుకొనే దారి లేదు.

ఆరు చుక్కల లిపి

1819లో పారిస్‌లో వాలెంటిన్ హావీ స్థాపించిన అంధుల పాఠశాలలో చేరాడు. అక్కడి పుస్తకాలలో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చొత్తేవారు. అవి బరువైనవి, బహు కొద్ది. ఒక్కొక్క అక్షరాన్ని తడిమి గుర్తించడానికే ఎంతో సమయం పట్టేది. ఇక విద్యార్థి స్వయంగా వ్రాయడం దాదాపు అసాధ్యం. నిజానికి ఆ అక్షరాలు పిల్లల వ్రేళ్ళకంటె ఉపాధ్యాయుల కళ్ళకే అనుకూలమైనవి.

1821లో సైన్యంలో పనిచేసిన ఛార్లెస్ బార్బియర్ పన్నెండు చుక్కల పద్ధతిని ఆ పాఠశాలకు పరిచయం చేశాడు. అది ధ్వనులను మాత్రమే సూచించేది, వర్ణక్రమము, విరామ చిహ్నాలు లేవు. పైగా ఒక గుర్తు మొత్తం వ్రేలికొన క్రింద ఇమడదు. బ్రెయిలీ దానిని ఆరు చుక్కలకు కుదించి, 1824 నాటికి, అంటే పదిహేనేళ్ళకే, లిపిని సిద్ధం చేశాడు. 1829లో ప్రచురించాడు. సంగీతానికి కూడా ఇది పనికివచ్చింది.

వ్యతిరేకత, ఆమోదము

1833లో అదే పాఠశాలలో పూర్తిస్థాయి ఉపాధ్యాయుడయ్యాడు. అయితే ప్రత్యేక లిపి అంధులను సమాజానికి దూరం చేస్తుందన్న వాదంతో, 1840లో వచ్చిన ప్రధానాధికారి ద్యూఫో దానిని నిషేధించాడు. విద్యార్థులు మాత్రం రహస్యంగా వాడుతూనే ఉన్నారు. తమకు ఏది పనికివస్తుందో వారికే బాగా తెలుసును గదా! 1844లో నూతన భవన ప్రారంభోత్సవంలో సహాయాధికారి గ్వాడే చొరవతో ఈ లిపిని బహిరంగంగా ప్రదర్శించారు.

బ్రెయిలీ క్షయవ్యాధితో మరణించాడు. పాఠశాల ఈ లిపిని అధికారికంగా స్వీకరించినది 1854లో, అతడు పోయిన రెండేళ్ళకు. 1952లో అవశేషాలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం కూవ్రేలోనే ఉంచారు.

భారతదేశంలో 1951లో భారతీ బ్రెయిలీ ఆమోదం పొందింది. ఒకే ధ్వనికి భారతీయ భాషలన్నింటిలోను సాధారణంగా ఒకే గుర్తు ఉంటుంది. తెలుగు అక్షరాలను కూడా ఈ ఆరు చుక్కలతోనే వ్రాస్తారు.