పావులూరి మల్లన

పావులూరి మల్లన క్రీ.శ. 11వ శతాబ్దికి చెందిన కవి, గణితవేత్త. ఆయన స్వస్థలం కమ్మనాటి పావులూరు. భట్టిప్రోలు వలెనే ఆ గ్రామం నేడు బాపట్ల జిల్లాలో ఉంది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన ‘గణితసార సంగ్రహా’న్ని మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు.

మూలగ్రంథంలోని నాణేల సంచి లెక్క ప్రసిద్ధమైనది. ముగ్గురు వర్తకులకు దారిలో సంచి దొరికింది. అది తనకే దక్కితే, మిగిలిన ఇద్దరి సొమ్ముకు తన సొమ్ము 2 రెట్లవుతుందని మొదటివాడు, 3 రెట్లని రెండవవాడు, 5 రెట్లని మూడవవాడు అన్నారు. అంటే సంచితో కలిపిన మొత్తం, ఆయా జంటల సొమ్ముకు 3, 4, 6 రెట్లు. మొత్తం 24 అనుకొంటే జంటల సొమ్ము 8, 6, 4, వర్తకుల సొమ్ము 1, 3, 5, సంచిలో 15.

ఇటువంటి గణితవిద్య మల్లన వలన సంస్కృతం రానివారికీ అందింది. నన్నయ భారతాన్ని తెనిగించిన శతాబ్దిలోనే శాస్త్రరచనకూ తెలుగు చాలునని ఆయన నిరూపించాడు.