మధురవాణి తెలివి ఇంటికి రాలేదు

హీరో ఎదురుగా నిలబడేసరికి నోట మాట రాక, చేతికొచ్చిన హీరోయిన్ వేషం పోగొట్టుకున్న అమ్మాయి ఎవరో తెలుసా? మన సావిత్రే! 1950లో వచ్చిన 'సంసారం'కి ముందు ఆమెనే అనుకున్నారు. అక్కినేని ఎదుట డైలాగ్ చెప్పలేక బెదిరిపోయింది. చివరికి చిన్న వేషంతో సరిపెట్టుకుంది.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకుంది. విజయవాడలో పెద్దమ్మ, పెదనాన్నల ఇంట పెరిగింది. డాన్సు, నాటకాలే ఆమె బడి.

అంత బెరుకు పిల్లా అయిదేళ్లకే, 1955లో 'కన్యాశుల్కం'లో మధురవాణి అయింది. ఎదుటివాడు నోరు విప్పకముందే వాడి బండారం పట్టేసే గడుసరి మధురవాణి. గిరీశం లాంటి మాటకారినే బోల్తా కొట్టించగలదు. సావిత్రి ఓరచూపులో, సగం నవ్వులో ఆ జాణతనమంతా కనిపిస్తుంది.

1957లో 'మాయాబజార్' ఇంకా పెద్ద పరీక్ష. పైకి శశిరేఖ, లోపల ఘటోత్కచుడు! సున్నితమైన పిల్ల ఒక్కసారిగా ఎస్వీ రంగారావులా భుజాలు ఎగరేస్తుంది, హుంకరిస్తుంది. ఎవరైనా చూస్తున్నారనగానే మళ్లీ సిగ్గుపడే పెళ్లికూతురు. పెళ్లిపాటలో సుశీల గొంతు మధ్య ఘంటసాల గొంతు వచ్చినా, ఆ మగగొంతు ఆమెదే అనిపిస్తుంది.

1960లో 'చివరకు మిగిలేది'. మతి చెదిరిన రోగుల్ని ప్రేమ నటించి మామూలు మనుషుల్ని చేసే నర్సు. నటిస్తూ నటిస్తూ చివరికి తానే రోగి అవుతుంది.

తెర మీద ఇన్ని మనసులు చదివిన సావిత్రి తన చుట్టూ ఉన్నవాళ్లను మాత్రం చదవలేకపోయింది. అప్పటికే పెళ్లై పిల్లలున్న జెమినీ గణేశన్‌ను 1952లో పెళ్లాడింది. ఆ కాపురం చివరిదాకా నిలవలేదు. అడిగినవాళ్లకు లెక్క చూడకుండా ఇచ్చింది. 1968లో 'చిన్నారి పాపలు'కి తానే దర్శకురాలై, తోటి ఆడవాళ్లకు సాంకేతిక బాధ్యతలు అప్పగించింది. ఎంత ధైర్యం! కానీ డబ్బు రాలేదు. 1971లో తమిళంలో తీసిన 'ప్రాప్తం' కూడా నష్టమే. అప్పులు, పన్నుల బకాయిలు, తాగుడు ఆమెను కుంగదీశాయి. 1980లో స్పృహ తప్పిన మనిషి సుమారు పందొమ్మిది నెలలు మంచంలోనే ఉండి, 1981 డిసెంబరు 26న కన్నుమూసింది.

అంత తెలివైన పాత్రలు వేసిన మనిషి ఇలా ఎలా మోసపోయిందని ఆశ్చర్యపోతాం. మధురవాణికి ఎవరేమిటో గురజాడ ముందే రాసిపెట్టారు. సావిత్రికి ఆ కాగితం ఎవరిస్తారు? మనకైనా అంతే కదూ! ఇంటాబయటా అందరినీ నవ్వుతూ నెట్టుకొచ్చే ఇల్లాలిని చూసి, ఆవిడకేం, గట్టిది అనుకుంటాం. ఈసారి అలా అనుకునేముందు, ఆవిడ పక్కన కాసేపు కూర్చుని చూడండి.