బ్యాండు పెట్టినవాడు బ్రయాన్ జోన్స్

రోలింగ్ స్టోన్స్ పేరు చెప్పగానే సంగీతాభిమానులకు మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ గుర్తుకొస్తారు. కానీ ఆ బ్యాండును ప్రారంభించినవాడు, దానికి పేరు పెట్టినవాడు, మొదటి నాయకుడు వేరే ఉన్నాడు. అతని పేరు బ్రయాన్ జోన్స్. ఇరవై ఏళ్ళకు బ్యాండు పెట్టి, ఇరవై ఏడేళ్ళకు అదే బ్యాండు నుండి బయటికి పంపబడి, నెల తిరగకుండానే కన్నుమూసిన అతని జీవితాన్ని హాస్టల్ మిత్రులకు పరిచయం చేయాలన్నదే మా ఈ చిన్న ప్రయత్నం.

బ్రయాన్ 1942 ఫిబ్రవరి 28న ఇంగ్లాండులోని చెల్టెన్‌హామ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి విమానాల ఇంజనీరు. తల్లి పియానో నేర్పేది. ఆమె దగ్గరే అతని సంగీతం మొదలైంది. తర్వాత క్లారినెట్, శాక్సఫోన్, గిటారు వరుసగా చేతికొచ్చాయి. చదువులో చురుకైనవాడే గానీ కట్టుబాటు అంటే గిట్టేది కాదు. అమెరికాలోని నల్లజాతి ప్రజలు తమ కష్టంలోంచి పుట్టించుకున్న బ్లూస్ సంగీతం అతన్ని పట్టేసింది. వేలికి గొట్టం తొడిగి తీగల మీద జారుస్తూ వాయించే స్లైడ్ గిటారును ఇంగ్లాండులో మొదట నేర్చినవారిలో అతనొకడు.

1962 మేలో బ్రయాన్ లండన్‌లోని ఒక సంగీత పత్రికలో ప్రకటన ఇచ్చాడు. బ్యాండు పెడుతున్నాను, వాయించేవాళ్ళు రావచ్చని దాని సారాంశం. మొదట వచ్చినవాడు పియానో వాయించే ఇయాన్ స్టివార్ట్. ఆ తర్వాత మిక్, కీత్ చేరారు. మడ్డీ వాటర్స్ పాడిన ఒక బ్లూస్ పాట నుండి బ్రయాన్ బ్యాండుకు పేరు తీసుకున్నాడు. 1962 జూలై 12న మార్కీ క్లబ్బులో మొదటి ప్రదర్శన జరిగింది. బ్రయాన్, మిక్, కీత్ ఒకే ఇంట్లో చలికి వణుకుతూ, చాలీచాలని తిండితో రోజులు గడిపారు. కార్యక్రమాల కోసం తిరిగింది, ఉత్తరాలు రాసింది బ్రయానే. నాయకుణ్ణని అందరికంటే వారానికి ఐదు పౌండ్లు ఎక్కువ తీసుకునేవాడు. ఆ సంగతి తెలిసినప్పుడు మిగతావాళ్ళ మనసు విరిగింది.

1963లో ఆండ్రూ ఓల్డ్‌హామ్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు మేనేజరుగా వచ్చాడు. అప్పటిదాకా వాళ్ళు పాడినవన్నీ ఇతరుల పాటలే. మొదటి రికార్డు చక్ బెర్రీ పాట. రెండోది బీటిల్స్ బృందంలోని లెనన్, మెక్‌కార్ట్నీ రాసి ఇచ్చినది. ఇతరుల పాట ఎంత బాగా పాడినా రచయితకు దక్కే రాయల్టీ ఆ రచయితకే పోతుంది. పైగా అరువు పాటలు ఎన్నాళ్ళని దొరుకుతాయి? ఇది గ్రహించిన ఓల్డ్‌హామ్ మిక్, కీత్‌లను పాటలు రాయమని వెంటబడ్డాడు. ఇద్దరినీ వంటగదిలో పెట్టి తాళం వేశాడని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది.

అక్కడే బ్రయాన్ జీవితం మలుపు తిరిగింది. 1964 చివర బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన బ్లూస్ పాటలో అతని స్లైడ్ గిటారే ప్రాణం. కానీ 1965 నుండి మిక్, కీత్ రాసిన పాటలే వరుసగా మొదటి స్థానానికి వెళ్ళాయి. 1966లో వచ్చిన ఆఫ్టర్‌మాత్ ఆల్బమ్‌లో పాటలన్నీ వాళ్ళిద్దరివే. పాట ఎవరిదైతే స్టూడియోలో మాట వారిదే. ఎవరూ ఎన్నిక పెట్టలేదు, నాయకత్వం మాత్రం చేతులు మారింది.

అయినా బ్రయాన్ వెంటనే చేతులు ముడుచుకోలేదు. రాయలేకపోయినా ఆ పాటలకు రంగులద్దాడు. 1966లో పెయింట్ ఇట్ బ్లాక్ పాటలో మన సితార్ మోగించాడు. అది అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది. వేరే పాటల్లో మరింబా, డల్సిమర్, రికార్డర్ వాయించాడు. 1967లో ఒక జర్మన్ సినిమాకు సంగీతం కూర్చాడు. కానీ రోలింగ్ స్టోన్స్ రికార్డుల మీద రచయితగా అతని ఒక్కడి పేరు ఎక్కడా కనిపించదు.

క్రమంగా మద్యం, మత్తుమందులు అతన్ని లోబరచుకున్నాయి. 1967, 1968లలో పోలీసు కేసులయ్యాయి. స్నేహితురాలు కీత్ దగ్గరికి వెళ్ళిపోయింది. బ్రయాన్ మచ్చలేని మనిషేమీ కాదు. తన బిడ్డల బాధ్యత మోయలేదు, తనను నమ్మిన స్త్రీలను బాధపెట్టాడు. రికార్డింగులకు వచ్చినా వాయించలేని స్థితికి చేరాడు. 1969 జూన్ 8న మిక్, కీత్, డ్రమ్స్ వాయించే చార్లీ వాట్స్ అతని ఇంటికి వెళ్ళి, ఇక నువ్వు బ్యాండులో లేవని చెప్పి వచ్చారు. అతని స్థానంలో ఇరవై ఏళ్ళ మిక్ టేలర్ చేరాడు. జూలై 3న బ్రయాన్ తన ఇంటి ఈతకొలనులో శవమై కనిపించాడు. ప్రమాదవశాత్తు మరణమని విచారణలో తేల్చారు. రెండు రోజుల తర్వాత లండన్ హైడ్ పార్కులో లక్షలాది జనం ముందు ఆ బ్యాండు అతనికి నివాళిగా పాడింది.

ఇక్కడ ఇయాన్ స్టివార్ట్‌ను కూడా తలుచుకోవాలి. ప్రకటన చూసి మొదట వచ్చిన అతన్ని 1963లోనే బ్యాండు సభ్యత్వం నుండి తప్పించారు. అతను సామాను మోసే వ్యాన్ నడిపాడు, అవసరమైనప్పుడు పియానో వాయించాడు. 1985లో చనిపోయేదాకా వాళ్ళతోనే ఉన్నాడు. పదవి పోయినా పనిని వదలనివాడు అతను. పదవితోపాటు తననే పోగొట్టుకున్నవాడు బ్రయాన్.

ఓల్డ్‌హామ్ 1967లోనే వెళ్ళిపోయాడు, స్థాపకుడు పోయాడు, అయినా బ్యాండు ఆగలేదు. 2023లో కూడా కొత్త పాటల ఆల్బమ్ తెచ్చింది. కారణం, పాట రాసే ఇద్దరూ మిగిలారు. కానీ ఆ ఇద్దరినీ నిలబెట్టిన వేదిక కట్టినవాడు బ్రయాన్ అన్నది కూడా అంతే నిజం.

మిత్రులారా, మన హాస్టళ్ళలోనూ పాటల బృందాలున్నాయి. అరువు పాటలతో మొదలుపెట్టడంలో తప్పులేదు, మన పాట మనం రాసుకున్న నాడే బృందం నిలుస్తుంది. అలాగే ఇంట్లో మొదట చదువుకున్నవాళ్ళం కాబట్టి దారి వేసేవాడి కష్టం మాకు తెలుసు. ముందు నడిచినవాడు వెనకబడిపోతే ఒక్కసారి ఆగి, ఏమైందని అడుగుదాం. ఆ ప్రశ్న సకాలంలో అడిగేవారుంటే బ్రయాన్ బతికేవాడో లేదో చెప్పలేం గానీ, మన మధ్య అలా ఎవరూ ఒంటరి కాకుండా చూసుకోవడం మన చేతుల్లోనే ఉంది.