నొప్పి జాడ నెరిగిన వైద్యురాలు

గాయమైనచో కంటికి కనబడును. ఎముక విరిగినచో ఎక్స్‌రే చిత్రమున తెలియును. కాని మెడ పట్టినదనియు, నడుము పట్టినదనియు ఒకడు బాధపడునపుడు చూచువారికి ఏమియు కానరాదు. అందుచే అట్టివాని బాధను ఉత్త భ్రమయని త్రోసిపుచ్చువారును కలరు. అట్టి నొప్పికి కండరములలోనే మూలముండవచ్చునని గ్రహించి, దానిని వ్రేలికొనతో వెదకి పట్టిన వైద్యురాలు డాక్టర్ జానెట్ ట్రావెల్.

ఆమె 1901 డిసెంబరు 17వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో ఆమె తండ్రి మార్గమునే అనుసరింప నిశ్చయించుకొనెను. వెల్స్‌లీ కళాశాలలో పట్టము పొందిన పిదప, 1926లో కార్నెల్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము గడించెను. మొదట ఆమె హృద్రోగములను గూర్చియు, ఔషధముల గుణములను గూర్చియు పరిశోధనలు చేయుచుండెను.

అంతలో ఆమెకే భుజమునను, చేతియందును తీవ్రమైన నొప్పి కలిగెను. ఒకనాడు ఆమె తన భుజము వెనుకనున్న కండరములను తానే వ్రేళ్లతో నొక్కి చూచుకొనెను. ఒక తావున వ్రేలు పడగానే చేయి పొడవునను అదే నొప్పి ప్రాకెను. నొప్పి యొకచోట, దాని మూలము మరియొకచోట! మీట నొక్కినచో తుపాకిగుండు దూరముననున్న గురిని తాకునట్లు, ఈ తావులను నొక్కినచో నొప్పి దూరమున పుట్టును. అందుచే వైద్యులు వీనిని ట్రిగ్గర్ పాయింట్లని వ్యవహరింతురు. బిగిసిన కండరములో ఇవి చిన్న ముడివలె చేతికి తగులును.

అట్టి తావులలో ఆమె ప్రొకెయిన్ అను తిమ్మిరిమందును సూదిద్వారా ఎక్కించి, అనేకుల బాధను తగ్గించెను. చర్మముపై చల్లని ద్రవమును చిమ్మి, కండరమును మెల్లగా సాగదీయు పద్ధతినికూడ వాడెను. ప్రొకెయిన్ చికిత్సను గూర్చి సహచరులతో కలిసి 1942లో ప్రకటించెను. ఏ కండరములోని ముడి దేహమున ఎచ్చట నొప్పి పుట్టించునో తెలుపు పటములను 1952లో వెలువరించెను.

1955లో జాన్ కెన్నెడీ అను యువ సెనేటరు చంకకర్రల సాయమున ఆమె వైద్యశాలకు వచ్చెను. వెన్నునొప్పికై ఆతనికి మూడుమార్లు శస్త్రచికిత్స జరిగియుండెను. రెండవదాని పిదప ప్రాణాపాయముకూడ తప్పినది. అయినను నొప్పి తగ్గలేదు. ట్రావెల్ ఆతని కండరములకు చికిత్స చేయుటయే గాక, ఒక కాలు కొంచెము పొట్టిగా నుండుటను గుర్తించి పాదరక్ష మడమను ఎత్తు చేయించెను. ఊగుకుర్చీలో కూర్చుండుమని చెప్పెను. 1961లో కెన్నెడీ అమెరికా అధ్యక్షుడు కాగా, ఆమె ఆతని వైద్యురాలిగా నియమింపబడెను. ఆ పదవిని పొందిన ప్రథమ మహిళ ఆమెయే.

కాని ఆ సంవత్సరమే కెనడాలో ఒక మొక్కను నాటుచుండగా అధ్యక్షుని నడుము మరల పట్టెను. సూదిమందుచే నొప్పి అణగెనే గాని బలహీనమైన కండరములకు బలము చేకూరలేదు. అప్పుడు హాన్స్ క్రాస్ అను వైద్యుని రప్పించిరి. ఆతడు క్రమమైన వ్యాయామము చేయింపగా అధ్యక్షునికి మేలు కలిగెను. తన చికిత్స ఒక్కటియే చాలలేదని అందరికి తెలిసినను ట్రావెల్ తన పరిశోధన మానలేదు. 1965 వరకు ఆ పదవిలో నుండి, అటుపిమ్మట డేవిడ్ సైమన్స్ అను వైద్యునితో కలిసి తన జీవితానుభవమును రెండు మహాగ్రంథములుగా వ్రాసెను. మొదటిది 1983లోను, రెండవది 1992లోను వెలువడెను. రెండవది వెలువడునాటికి ఆమెకు తొంబది యేండ్లు.

ఇంతలో ఒక ప్రశ్న పుట్టెను. నొప్పి తగ్గించునది మందా, సూదియా? 1979లో చెకొస్లొవేకియా వైద్యుడైన కారెల్ లెవిట్, 241 మంది రోగులను పరిశీలించి, సరియైన తావున గుచ్చినచో మందులేని సూదియు నొప్పిని తగ్గింపగలదని ప్రకటించెను. నేడు ఫిజియోథెరపిస్టులు చేయు డ్రై నీడ్లింగ్ ఇట్టిదే. సన్నని సూది ముడిని తాకగానే కండరము ఒక్కసారి అదరి, పిదప సడలును. ఏ ద్రవమును ఎక్కింపరు గనుక దానికి పొడిసూది యని పేరు. అయినను ఛాతీ ప్రాంతమున సూది లోతుగా దిగినచో ఊపిరితిత్తికి చిల్లుపడవచ్చును. కావున శిక్షణ పొందినవారే దానిని చేయవలెను. సూదివలన కలుగు ఉపశమనము పెక్కుమారులు కొలది కాలమే నిలుచును. అది నిలుచుటకు వ్యాయామము తోడు కావలెను.

జానెట్ ట్రావెల్ 1997 ఆగస్టు 1వ తేదీన తన తొంబది యైదవ యేట పరమపదించెను. ఆమె చూపిన తావులను వెదకియే నేటికిని చికిత్సకులు సూదిని గుచ్చుచున్నారు. సూదికంటె ముందు ఆమె వాడిన సాధనములు రెండు: రోగి మాటయందు విశ్వాసము, ఓర్పుతో వెదకు వ్రేలికొన. కనబడనంత మాత్రమున పరుల బాధ లేనిది కాదని ఆమె జీవితము మనకు బోధించుచున్నది.