ప్రభువుల సభలో బైరన్

ఆంగ్లసాహిత్య విద్యార్థులు బైరన్‌ను కవిగానే ఎరుగుదురు. ఆయన బ్రిటిష్ పార్లమెంటులో చేసిన మూడు ప్రసంగాలను తలచేవారు అరుదు.

1788లో లండన్‌లో జన్మించిన జార్జి గోర్డన్ బైరన్‌కు పదేళ్ల ప్రాయంలోనే, తాతగారి అన్న మరణంతో, ప్రభు బిరుదం సంక్రమించింది. ఎన్నికతో నిమిత్తం లేకుండా ప్రభువుల సభలో స్థానమిచ్చే జన్మహక్కు అది. అయినా 1809 మార్చి 13న ఆసనం స్వీకరించేనాడు సభకు పరిచయం చేయవలసిన బంధువు, సంరక్షకుడు కార్లైల్ ప్రభువు ముఖం చాటేశారు. ఛాన్సలర్ ఎల్డన్ ఆదరంగా చేయి చాచగా బైరన్ వ్రేళ్ల కొసలు మాత్రమే అందించారట. దర్పమో, అవమానభారమో! కొద్ది మాసాలకే ఆయన గ్రీసు, తుర్కీ యాత్రకు తరలిపోయారు.

1811లో తిరిగివచ్చేసరికి ఆయన ఎస్టేటు ఉన్న నాటింగ్‌హామ్ సీమ అట్టుడుకుతున్నది. ఫ్రాన్సుతో యుద్ధం వల్ల వ్యాపారం క్షీణించింది. కొత్త మగ్గాలు నాసిరకం సరుకు నేస్తూ అనేకుల కూడు తీశాయి. మేజోళ్లు నేసే కార్మికులు ఆ మగ్గాలను విరగగొట్టసాగారు. అందుకు మరణశిక్ష విధించాలని ప్రభుత్వం బిల్లు తెచ్చింది. 1812 ఫిబ్రవరి 27న బైరన్ తొలిసారి గళమెత్తి, నేరానికి మూలం దారిద్ర్యమేనని, తుర్కీ పాలనలోని సీమలలో సైతం ఇంతటి దైన్యం తాను చూడలేదని వాదించారు. ప్రసంగంలో నాటకీయత పాలు హెచ్చే. సభను ఒప్పించే నేర్పుకన్న గాయపరిచే ఆవేశమే అందులో అధికం. మార్చిలో ఒకవంక ‘చైల్డ్ హెరాల్డ్’ కావ్యం ఆయనను రాత్రికి రాత్రి ప్రఖ్యాతుణ్ణి చేసింది. మరొకవంక బిల్లు చట్టమైంది.

ఏప్రిల్ 21న చేసిన రెండవ ప్రసంగమే నా దృష్టిలో మిన్న. క్యాథలిక్కులకు నాడు పార్లమెంటులో కూర్చునే అర్హత లేదు. బైరన్ క్యాథలిక్ కారు; వారి పక్షం వహించినందువల్ల ఆయనకు ఒరిగేదీ లేదు. అయినా ఐర్లండు ప్రజల తరఫున నిలిచారు. తీర్మానం వీగిపోయింది. 1813 జూన్ 1న వృద్ధ సంస్కర్త మేజర్ కార్ట్‌రైట్ అర్జీని సమర్పించారు. ఎన్నికల సంస్కరణ కోరుతూ సంతకాలు సేకరిస్తున్న ఆయనను హడర్స్‌ఫీల్డులో నిర్బంధించారని అందులోని ఫిర్యాదు. సభ దానినీ స్వీకరించలేదు.

అటుపై బైరన్ సభలో మాట్లాడనేలేదు. 1816లో స్వదేశం విడిచి మరల రాలేదు. క్యాథలిక్కులకు 1829లో పార్లమెంటు ప్రవేశం లభించింది. 1832లో ఎన్నికల సంస్కరణ చట్టం వచ్చింది. గ్రీసు స్వాతంత్ర్య సమరానికి తోడ్పడబోయిన బైరన్ అప్పటికే, 1824 ఏప్రిల్ 19న, మిసొలాంగీలో జ్వరంతో కన్నుమూశారు.