స్ఫటికాల మర్మమెరిగిన సూరి భగవంతం

మన బేతంచెర్ల నాపరాయికి పొర వెంట ఉలి పెడితే పలకలుగా విడివడుతుంది. అడ్డంగా కొడితే ముక్కలవుతుంది. రాయి ఒకటే, దిక్కును బట్టి గుణం వేరు. లోహ స్ఫటికాల అయస్కాంత గుణమూ అంతే. ఇనుప స్ఫటికం తన ఘనపు అంచు దిశలో సులువుగా అయస్కాంతమవుతుంది. కోబాల్టు తన షట్కోణ అక్షం వెంబడి.

ఈ విద్యలో పేరొందిన తెలుగువారు డాక్టర్ సూరి భగవంతం. 1909లో నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ వద్ద చేరారు. మనం బట్టల పెట్టెలో వేసుకునే కలరా ఉండల పదార్థం నాఫ్తలీన్. దాని స్ఫటికాలలో అయస్కాంత గుణం దిక్కును బట్టి ఎలా మారుతుందో పరిశోధించి, 1929లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అప్పటికాయన ఇరవయ్యేళ్ళ యువకులు.

తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు, ఉస్మానియా ఉపకులపతి, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు అయ్యారు. 1961 నుండి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. అంతటి బాధ్యతల నడుమనే, 1966లో స్ఫటికాల సౌష్ఠవంపై గ్రంథం వెలువరించారు. మామూలుగా 32గా ఉండే స్ఫటిక వర్గాలు, అయస్కాంతత్వాన్ని లెక్కలోకి తీసుకుంటే 122 అవుతాయి. ఆ లెక్కతో స్ఫటికాల గుణాలను ముందుగానే చెప్పే మార్గం అందులో వివరించారు.

1989లో కన్నుమూశారు. పదవులు వచ్చాయి, వెళ్ళాయి. యవ్వనంలో పట్టిన విద్యను మాత్రం ఆయన విడువలేదు. విశ్రాంత ఉద్యోగులమైన మనకు ఆ జీవితం ఆదర్శం.